‘రెండు నిమిషాలే’... బండి తియ్యండి బాబూ!

తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో అడుగుపెడితే ముందు ముక్కుకు చేపల వాసన తగులుతుంది. ఆ వెంటనే చెవికి హారన్లు!

రోజుల తరబడి సముద్రంలో తిరిగొచ్చిన మరపడవలు ఒకదాని పక్కన ఒకటి జెట్టీకి ఆనుకుని ఉంటాయి. కళాసీలు అడుగు అరల్లోంచి చేపల్ని తోడి పైకి అందిస్తుంటారు. కింద వంజరం ఓ కుప్ప, చందువ ఓ కుప్ప, కానాగంతలు ఓ కుప్ప. చుట్టూ మూగిన జనం. వేలం పాట మొదలైందంటే కళ్లు మూసి తెరిచేలోగా కుప్ప చేతులు మారిపోతుంది. కొన్నవాడు చేపల్ని టబ్బులో వేయించి, పైన ఐసు గుమ్మరించి వ్యాను ఎక్కిస్తాడు. ఇంతవరకూ అంతా చకచకా జరిగిపోతుంది. సముద్రం మీద రాత్రీ పగలూ పడ్డ కష్టానికి ఫలితం ఆ వ్యానులో ఉంది. ఇక అది కదలడమే ఆలస్యం.

కదలదు. ఎందుకంటే దాని ముందు ఓ కారు ఆగి ఉంది. అద్దాలు బిగించి ఉన్నాయి. డ్రైవరు సీటు ఖాళీ. నాలుగు మూలలా నాలుగు పసుపు లైట్లు మాత్రం టకటకా వెలిగి ఆరుతున్నాయి. ఆ లైట్లు వేస్తే చాలు బండిని ఎక్కడైనా వదిలెయ్యొచ్చని ఏ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతారోగానీ, మన రోడ్ల మీద చాలామందికి అదే లైసెన్సు. ఇంతకీ కారాయన ఎక్కడ? జెట్టీ మీద కిలో రొయ్యలకు బేరమాడుతున్నాడు. అడిగితే వచ్చే జవాబు ముందే తెలుసు.

‘రెండు నిమిషాలేనండీ!’

పెద్ద నేరమేం కాదుగదా అనిపిస్తుంది. హత్య కాదు, దొంగతనం కాదు. కానీ ఆ రెండు నిమిషాలు ఎవరి గడియారంలోవి? కారాయనకు రెండు నిమిషాలంటే బేరం తెగేంత సేపు. వెనకున్న వ్యాను వాడికి అదొక లెక్క. ఆ వ్యాను వెనకాల ఇరుక్కున్న ఆటోలోని చేపల గంపల ఆడవాళ్లకు మరో లెక్క. టబ్బులోని ఐసుకైతే... దానిది వేరే లెక్క.

ఐసు ఆగదు

చేప నీళ్లలోంచి బయటికొచ్చిన క్షణం నుంచీ పాడవడం మొదలవుతుంది. దాన్ని ఆపలేం, నెమ్మదింపజేయగలం అంతే. ఆ పని చేసేది ఐసు. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న చేపతో పోలిస్తే 10 డిగ్రీల దగ్గర ఉన్న చేప దాదాపు నాలుగు రెట్లు వేగంగా చెడుతుందని మత్స్య శాస్త్రజ్ఞుల అంచనా. ఇక విశాఖ ఎండలో, ఆ ఉక్కలో చెప్పేదేముంది? కానాగంతలు, టూనా లాంటి చేపల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. చల్లదనం తప్పితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఒకసారి పుట్టిందంటే వండినా వేయించినా పోదు. తిన్నవాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి, వాంతులు. పాపం, నింద చేపల కూర వండిన ఇల్లాలి మీద పడుతుంది!

కిలో ఐసు కరుగుతూ 80 కిలోకేలరీల వేడిని లాక్కుంటుంది. కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి, కాగితం మీద లెక్కేస్తే, సుమారు 300 గ్రాముల ఐసు చాలు. కానీ మన దగ్గర కిలో చేపకు కిలో ఐసు వేయమంటారు. మిగతా 700 గ్రాములూ ఎందుకు? బయటి ఎండతో పోరాడటానికి. టబ్బు వ్యానులో ఉండి, వ్యాను రోడ్డు మీద ఆగి, నెత్తిన ఎండ కాస్తుంటే ఆ ఐసు చేపను చల్లబరచడం మాని ఎండను చల్లబరచడం మొదలుపెడుతుంది. ఓడిపోయే యుద్ధమే అది. ఐసు డబ్బులు కొన్నవాడివి. కారాయన పర్సులోంచి ఒక్క రూపాయి కూడా పోదు.

చేపల గంపల ఆడవాళ్ల లెక్క ఇంకాస్త కటువుగా ఉంటుంది. నలుగురైదుగురు కలిసి ఓ కుప్ప పాడి, వాటాలేసుకుని, ఒకే ఆటోలో గంపలు పెట్టుకుని కాలనీలకు బయలుదేరతారు. వాళ్లకు దొరికే బేరాలన్నీ పొద్దున్నే. ఇళ్లలో పొయ్యి మీద అన్నం పడకముందే వీధిలో కేక వినబడాలి. పది దాటాక వెళ్తే, ‘ఇవాళ కూర అయిపోయిందమ్మా’ అనే మాటే ఎదురవుతుంది. మధ్యాహ్నానికి మిగిలిపోయిన చేపకు అడిగినంతకు ఇచ్చేయడమే గతి. పొద్దున చేపలు కొన్న డబ్బు చాలాసార్లు అప్పుదే, దానికి వడ్డీ మాత్రం తగ్గదు. హార్బర్ దారిలో అరగంట పోతే ఆ అరగంట సాయంత్రం ఇంటికెళ్లాక కొంగు ముడి విప్పినప్పుడు లెక్కలో తేలుతుంది. అందుకే అడ్డంగా ఆగిన కారును చూస్తే వాళ్లకంత కోపం. ‘బేగి తియ్యి బాబూ, నీకు పుణ్యం ఉంటాది’ అని మొదలై, రెండో నిమిషానికి ఉత్తరాంధ్ర మాటల్లో ఉన్న వాడి అంతా బయటికొస్తుంది. అవి ఇక్కడ అచ్చువేసేవి కావు!

హార్బర్ ఒకటే, పని పదింతలు

1933లో విశాఖ పోర్టులోకి ఓడలు రావడం మొదలైంది. 1976లో ఔటర్ హార్బర్ సిద్ధమైంది. ఫిషింగ్ హార్బర్ వయసూ దాదాపు అంతే. బీచ్ రోడ్డు మీద కోస్టల్ బ్యాటరీ దాటి వస్తే ఇక్కడికి చేరతాం. ఇటుపక్క పాత పట్నం, అటుపక్క కంటైనర్ టెర్మినల్. ఈ హార్బర్ పుట్టినప్పుడు చేపల్ని మోసింది ఎక్కువగా నెత్తిమీద గంపలూ, సైకిలు కావిళ్లూ, రిక్షాలూ. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే రిక్షా వంకర తిరిగి వెళ్లిపోయేది. గంప మనిషైతే పక్కనుంచి జారిపోయేది.

ఇప్పుడలా కాదు. ఐసు లారీ వస్తుంది, చేపల్ని ఇతర రాష్ట్రాలకు మోసే పెద్ద వ్యాను వస్తుంది, డీజిల్ ట్యాంకరు వస్తుంది, వలల మోపులతో ట్రాలీ ఆటో వస్తుంది. ఇవేవీ వంకర తిరగలేవు. రెండు బళ్ల మధ్య మూరెడు సందు ఉందంటే స్కూటరు దూరుతుందిగానీ ఐసు లారీ దూరదు. వెనక్కి పోదామంటే దాని వెనకాల అప్పటికే ఆరు బళ్లు. అంటే ఒక్క కారు నిలిపింది ఒక్క లారీని కాదు, మొత్తం వరసని.

వీటికి తోడు ఆదివారం. ఈ పత్రిక చేతిలో పట్టుకున్నవాళ్లలో ఎంతమంది ‘తాజా చేపలు హార్బర్‌లో అయితే చవక’ అని పొద్దున్నే కారు తీసి ఉంటారో! తప్పేం లేదు. హార్బర్‌కు వెళ్లి, పడవలు చూసి, పిల్లలకు పీతను చూపించి, రెండు కిలోల వంజరం కోయించుకుని రావడం విశాఖ కుటుంబాలకు ఒక సరదా. అయితే వెళ్లిన ప్రతివాళ్లకూ కారు జెట్టీ దాకా పోవాలి. చెప్పులకు చేపల నీళ్లు అంటకూడదు. వంద అడుగులు నడిస్తే అరిగిపోతామన్నట్టు, టబ్బులు దించే చోటే బండి ఆపాలి. ఆదివారం ఉదయం పూట హార్బర్‌లో కనిపించే అడ్డంకుల్లో పడవలవి తక్కువ, సరదాకొచ్చిన బళ్లవి ఎక్కువ.

తప్పు అటువైపు లేదా అంటే, ఉంది. రోజూ ఇక్కడే పనిచేసేవాళ్లు కూడా తక్కువ తినలేదు. సరుకు ఎక్కించడం అయిపోయినా టీ తాగేదాకా వ్యాను తియ్యని డ్రైవర్లున్నారు. తన వంతు రాకముందే మూతి లోపలికి దూర్చి, అటు పోక, ఇటు రాక నిలబడే ట్రాలీ ఆటోలున్నాయి. రోజూ తిట్టేవాడే మర్నాడు తిట్టించుకుంటాడు. తేడా ఒక్కటే. పనివాళ్ల మధ్య ఒక రాయని ఒప్పందం ఉంటుంది. కేకేస్తే పరిగెత్తుకొచ్చి తీస్తారు. ఎందుకంటే రేపు మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. వారానికోసారి వచ్చే కారుకు ఆ మొహమాటం ఉండదు.

ఆ ఆదివారం రాత్రి

నిమిషం విలువేమిటో ఈ హార్బర్‌కు 2023 నవంబరు 19న తెలిసొచ్చింది. ఆ రోజు ఆదివారం. అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ క్రికెట్ ఫైనల్‌లో భారత్ ఓడిపోయిన రోజు. దేశమంతా ఉసూరుమంటూ పడుకునే వేళకు ఇక్కడ జెట్టీ దగ్గర ఓ పడవలో మంటలు లేచాయి. పడవలన్నీ తాళ్లతో పక్కపక్కనే కట్టి ఉన్నాయి. ఒక్కో పడవలో డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు, నైలాన్ వలలు, పైగా చెక్క. ఇంకేం కావాలి? ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటూ పోయి దాదాపు 40 పడవలు కాలిపోయాయి. ఒక్కో పడవ విలువ లక్షల్లో. ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువు ఒక్క రాత్రిలో బూడిదైంది.

ఆ ప్రమాదానికీ రోడ్డు మీద ఆగిన బండికీ ముడిపెట్టడం సబబు కాదు. కానీ ఆ రాత్రి చూపించిన సంగతి ఒకటుంది. అక్కడ మంట ఎంతసేపు అదుపులో లేకుండా ఉంటే అన్ని పడవలు. ప్రతి నిమిషానికీ ఒక ధర ఉంది. ఫైరింజన్ మామూలు బండి కాదు, బోలెడన్ని నీళ్లు మోసుకొచ్చే బరువైన లారీ. దానికి మలుపు తిరగడానికి చోటు కావాలి, గొట్టం పరవడానికి చోటు కావాలి. అర్ధరాత్రి కాబట్టి హార్బర్‌లో కొనుగోలుదారుల కార్లు లేవు. అదే ప్రమాదం ఆదివారం ఉదయం ఏడింటికి జరిగి ఉంటే? ఆ ఊహకే ఒళ్లు జలదరిస్తుంది.

మంటే రానక్కర్లేదు. వించ్ తాడు తెగి కళాసీ చెయ్యి నలిగినా, సముద్రంలో గుండెనొప్పి వచ్చిన సరంగును ఒడ్డుకు చేర్చినా 108 రావలసింది ఈ దారిలోనే.

ట్రామ్ నేర్పిన పాఠం

పక్కకు తప్పుకోలేని బండికి అడ్డం నిలబడితే ఏమవుతుందో ప్రపంచానికి నూట యాభై ఏళ్లుగా చూపిస్తున్నది ట్రామ్. రోడ్డు మధ్యలో పట్టాలు, ఆ పట్టాల మీదే దాని బతుకు. ముందు ఓ కారు అడుగు మేర పట్టాల మీదికి జరిగి ఆగిందంటే ట్రామ్‌లోని వందమందీ ఆ కారు యజమాని వచ్చేదాకా గంట వినుకుంటూ కూర్చోవాల్సిందే.

తెలుగువాళ్లకు ట్రామ్ కొత్తేం కాదు. మద్రాసులో 1895లోనే కరెంటు ట్రాములు మొదలయ్యాయి. విశాఖ కూడా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులవి. చదువులకనీ, కోర్టు పనులకనీ, సినిమా వేషాలకనీ వెళ్లిన మన ముందు తరాలు వాటిల్లో తిరిగినవాళ్లే. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి 1953 ఏప్రిల్‌లో ఆ ట్రాములు ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

కలకత్తా కథ ఇంకా చిత్రం. 1873లో గుర్రాలు లాగే ట్రామ్‌తో మొదలై, 1902లో కరెంటు ట్రామ్ వచ్చి, ఆ నగరానికి గుర్తుగా మిగిలిపోయింది. ఒకప్పుడు ట్రాముకు దాని దారి దానికుండేది. రానురాను పట్టాల మీదికి కార్లు, టాక్సీలు, బస్సులు ఎక్కాయి. ట్రామ్ వాటి వెనకాల నత్తలా పాకింది. అప్పుడు ఏమన్నారు? ‘ట్రామ్ వల్లే ట్రాఫిక్ ఆగిపోతోంది’ అన్నారు! రూట్లు ఒక్కొక్కటే మూసేశారు. చివరికి 2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, మైదాన్ - ఎస్ప్లనేడ్ మధ్య ముచ్చటకు నడిపే ట్రామ్ తప్ప మిగతావి ఆపేస్తామని ప్రకటించింది. కార్లు పట్టాలెక్కబట్టే ట్రామ్ నెమ్మదించిందన్న ట్రామ్ ప్రేమికుల మాట ఆ హడావుడిలో కొట్టుకుపోయింది.

అడ్డం పెట్టినవాడు బండి తీసుకుని వెళ్లిపోతాడు. చెడ్డపేరు మాత్రం అక్కడే ఉండిపోయినవాడికి అంటుకుంటుంది. ఫిషింగ్ హార్బర్‌దీ ఇదే బాధ. అక్కడ గంటసేపు ఇరుక్కుని ఇంటికొచ్చినవాళ్లు, ‘హార్బర్ అంతేనండీ, ఒక పద్ధతీ పాడూ ఉండదు’ అంటారు. తన కారు ఎక్కడ ఆపారో మాత్రం చెప్పరు!

విశాఖకు కూడా ట్రామ్ తెస్తామన్న మాట ఒకటి కొన్నేళ్ల కిందట వినబడింది. మెట్రోతో పాటు నగరంలో 60 కిలోమీటర్ల పైచిలుకు ఆధునిక ట్రామ్ మార్గాలు వేయాలని, బీచ్ రోడ్డు మీదుగా కూడా నడపాలని 2020 ప్రాంతంలో ప్రతిపాదనలు సాగాయి. అవి కాగితం దాటలేదు. వచ్చి ఉంటే మన బీచ్ రోడ్డు మీద, సాయంత్రం ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఆగే కార్ల మధ్య, ట్రామ్ ఎంతదూరం పోయేదో ఊహించుకోవడం కష్టమేం కాదు. ట్రామ్ లేకపోయినా దాని చిన్న చెల్లెలు లాంటిది విశాఖలో ఉంది కదా... బీఆర్టీఎస్. బస్సుల కోసం పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు మరొకటి ప్రత్యేక కారిడార్లు వేశారు. రోడ్డు మధ్యలో బస్సుకని విడిగా దారి. ఆ దారిలో బస్సు ఒక్కటే వెళ్తే కదా! కార్లు, బైకులు, ఆటోలు దర్జాగా దూరిపోయాయి.

మెల్‌బోర్న్‌లో మనవాళ్లు

ప్రపంచంలో అతి పెద్ద ట్రామ్ వ్యవస్థ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉంది. పట్టాల దారి సుమారు 250 కిలోమీటర్లు. చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన తెలుగువాళ్లు ఆ నగరంలో బోలెడంతమంది. అక్కడ కారు నడపడం నేర్చుకునేటప్పుడు మనవాళ్లకు చెమటలు పట్టించే మలుపు ఒకటుంది. దాన్ని ‘హుక్ టర్న్’ అంటారు.

మనలాగే వాళ్లదీ ఎడమవైపు డ్రైవింగ్. కుడివైపు తిరగాలంటే మనం ఏం చేస్తాం? రోడ్డు మధ్యకు జరిగి ఆగుతాం. కానీ అక్కడ రోడ్డు మధ్యలో ట్రామ్ పట్టాలు. ఆగితే ట్రామ్ ఆగుతుంది. అందుకని నగరం నడిబొడ్డున చాలా కూడళ్లలో, కుడికి తిరగాల్సినవాడు ముందు ఎడమ అంచుకు పోవాలి. కూడలిలోకి వెళ్లి ఆ ఎడమ మూలలోనే ఆగి, అడ్డరోడ్డుకు పచ్చలైటు పడేదాకా ఎదురుచూసి, అప్పుడు మొత్తం రోడ్డు దాటుకుంటూ కుడికి తిరగాలి. వినడానికి తిక్కగా ఉంటుంది. గాజువాకలోనో గుంటూరులోనో డ్రైవింగ్ నేర్చుకుని వెళ్లిన కుర్రాడికైతే మొదటి వారం నిద్రపట్టదు. అయినా రెండో వారానికి అలవాటైపోతుంది. ఇక్కడ అదే కుర్రాడు ఏం చేసేవాడో మనందరికీ తెలుసు. మరి మనిషి మారాడా? లేదు. అక్కడ గీత కనబడుతుంది, గీత దాటితే జరిమానా ఇంటికొస్తుంది. అన్నిటికీ మించి పక్కవాడెవడూ దాటడు.

అన్ని ఊళ్లకూ అంత ఓపిక ఉండదు లెండి. లిథువేనియా రాజధాని విల్నియస్ నగర మేయరు ఆర్టూరస్ జుఓకస్ 2011లో ఏకంగా మిలటరీ కవచ వాహనం ఎక్కి, సైకిళ్ల దారిలో ఆపి ఉంచిన ఖరీదైన కారును నుజ్జునుజ్జు చేశాడు. కెమెరాల కోసం ముందే ఏర్పాటు చేసుకున్న తమాషా అది. దానికి ఆయనకు ఆ ఏడాది ఇగ్ నోబెల్ శాంతి బహుమతి కూడా ఇచ్చి నవ్వుకున్నారు. హార్బర్‌లో ఐసు లారీ డ్రైవర్లకు ఈ సంగతి తెలియకపోవడమే మంచిది!

గేటు దగ్గర మన విద్య

ఇంకో చోట కూడా పట్టాలకు మనం అడ్డం పడతాం. రైల్వే గేటు. గేటు పడగానే ఎడమవైపు వరసలో బుద్ధిగా నిలబడేది మొదటి నాలుగు బళ్లే. ఐదోవాడు కుడివైపు ఖాళీగా కనిపించిందని అటు దూరతాడు. వాడి వెనకాల పదిమంది. అవతలి వైపూ ఇదే విద్య. రైలు పోయి గేటు లేవగానే కురుక్షేత్రంలో రెండు సైన్యాల్లా ఎదురెదురుగా నిలబడతారు. ఎవరూ కదలలేరు. మధ్యలో పట్టాల మీద కొన్ని బళ్లు ఇరుక్కుపోతాయి. ఈలోగా ఇంకో రైలు వేళవుతుంది.

చాలామందికి తెలియని విషయం ఇక్కడుంది. సిగ్నల్‌తో ముడిపెట్టిన గేట్లలో, గేటు పూర్తిగా పడి తాళం పడితే తప్ప రైలుకు పచ్చ సిగ్నల్ రాదు. పట్టాల మీద బండి ఉంటే గేటు పడదు. గేటు పడకపోతే సిగ్నల్ మారదు. అంటే కుడివైపు దూరిన ఒక్క ఐదోవాడి కోసం, ఊరి బయట పొలాల మధ్య వెయ్యిమంది ప్రయాణికులతో ఒక రైలు నిలబడిపోతుంది. అందులోవాళ్లు ‘రైల్వే వాళ్లకు టైమ్ సెన్స్ లేదు’ అని తిట్టుకుంటారు. మళ్లీ అదే కథ!

మూసిన గేటును తెరిచినా, విరగ్గొట్టినా 1989 నాటి రైల్వే చట్టం 160వ సెక్షన్ జైలుకు పంపుతుంది. తెరిస్తే మూడేళ్ల దాకా, విరగ్గొడితే అయిదేళ్ల దాకా.

రెండు వందల నుంచి పది వేలకు

రోడ్డు మీద అడ్డంగా బండి ఆపినవాడికి చట్టం లేదా? లేకేం. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం ఇతరులకు ప్రమాదం, ఆటంకం, ఇబ్బంది కలిగేలా బండిని వదిలి వెళ్లకూడదు. 127 ప్రకారం పోలీసులు దాన్ని లాక్కెళ్లొచ్చు. 201 ప్రకారం రాకపోకలకు అడ్డంగా ఉన్నంతసేపూ 500 రూపాయల దాకా జరిమానా పడుతుంది. పాత శిక్షాస్మృతిలో దారికి అడ్డం పెట్టినవాడికి 200 రూపాయలకు మించి జరిమానా లేదు. 1860లో ఆ మొత్తానికి ఎంత బరువుందోగానీ, ఈ రోజుల్లో కిలో చందువ కూడా రాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ దాన్ని 5,000 రూపాయల దాకా పెంచింది. ఇక అంబులెన్సుకో, ఫైరింజన్‌కో దారివ్వకపోతే 2019 సవరణతో వచ్చిన 194-ఇ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ.

సెక్షన్లకు లోటు లేదు. కానీ పొద్దున అయిదింటికి హార్బర్‌లో చలానా రాసేదెవరు? అక్కడ పనికొచ్చేవి చిన్న చిన్న ఏర్పాట్లే. టబ్బులు ఎక్కించే చోట నేల మీద ఓ పసుపు గీత, ఆ గీత లోపల సరుకు బళ్లు తప్ప మరేవీ ఆగకుండా చూసే ఇద్దరు మనుషులు. ఒకటి మాత్రం ఎవరి ఉత్తర్వులూ లేకుండా ఈ ఆదివారం నుంచే చేయొచ్చు. కారును బయట వదిలి లోపలికి నడిచి వెళ్లడం. తప్పనిసరై లోపల ఆపితే ఒకరు సీట్లోనే కూర్చోవడం. చేపలు ఎంచడానికి ఇంటిల్లిపాదీ అక్కర్లేదుగా!

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే ఆ 61 రోజులూ పడవలు జెట్టీకి కట్టేసి ఉంటాయి, హార్బర్ రోడ్డు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. జూన్ రెండో వారం వచ్చేసరికి మళ్లీ సందడి. మరమ్మతులు చేసిన వలలు ట్రాలీల మీద వస్తాయి, డీజిల్ వస్తుంది, బియ్యం బస్తాలు, మంచినీళ్ల డ్రమ్ములు వస్తాయి. అన్నిటికంటే చివర్లో వచ్చేది ఐసు. ముందే తెచ్చిపెట్టుకుంటే కరిగిపోతుంది కాబట్టి దాన్ని ఆఖరి గంటల్లోనే అరల్లో నింపాలి. నిషేధం ముగిసే ఆ రాత్రి, పడవలు ఇంజన్లు వేడెక్కించుకుంటుంటే, ఐసు లారీలు తారు మీద నీటి చారలు విడుస్తూ ఒకదాని వెనక ఒకటి హార్బర్‌లోకి వస్తాయి.